జీపెక్కిన బస్తాలు

దేవేందర్ తన జీపుకు పెద్ద టైర్లు వేయించుకొచ్చిన రోజున మొట్టమొదట తేలిన సంగతి ఏమిటంటే, ఇకమీదట ఇంట్లో ఆడవాళ్లు అందులోకి ఎక్కాలంటే స్టూలు కావాలి.

అంతకుముందు అది మామూలు జీపే. మిలిటరీ వాళ్లు వాడుకుని, విసిగి, వేలంలో అమ్మేసిన పాతది. పక్కలకు తలుపులు లేవు. వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు, చివర ఒక ఇనుప పలక. బెంచీ మీద కూర్చున్న మనిషికి ఆ పలక నడుము దాకా కూడా రాదు. దేవేందర్‌కు మేడ్చల్ మార్కెట్లో బియ్యం, జొన్నలు, బెల్లం అమ్మే దుకాణం ఉంది. తండ్రి పోయి దుకాణం చేతికి రాగానే అతను చేసిన మొదటి పని ఆ జీపు కొనడం, రెండో పని దాన్ని పొద్దున్నే కడగడం. కట్టుకున్న పెళ్లాన్ని కూడా వాడు అంత ముద్దుగా చూసుకోలేదని అతని తల్లి దుర్గాబాయి దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పెళ్లాం వినోద మాత్రం ఏమీ అనేది కాదు. అనవలసిన మాటను అదును చూసి అనడం ఆమె అలవాటు.

ఉన్నవాడు ఉన్నట్టు ఉండక, రెండువేల ఒకటిలో దసరాకు ముందు, దేవేందర్ ఏదో పని మీద కౌకూర్ వైపు వెళ్లాడు. అక్కడ ఎవరిదో జీపు నిలబడి ఉంది. దాని టైర్లు అతని నడుము దాకా ఉన్నాయి. అంతే, మనిషికి అన్నం సయించలేదు. ఇంటికొచ్చి తన జీపును చూసుకుంటే అది చెప్పులు లేకుండా నిలబడ్డట్టు కనిపించింది.

బస్ డిపో వెనక షెడ్డు పెట్టుకున్న మెకానిక్ బాలరాజుకు లేదు, కాదు అనే మాటలు నోటికి రావు. ఎక్కడి నుంచో నాలుగు టైర్లు పట్టుకొచ్చాడు. లారీ టైర్లకు తమ్ముళ్ల లాగా ఉన్నాయవి. అవి పట్టడానికి మడ్‌గార్డులు కోశాడు. కోసినా పట్టకపోతే కమాను పట్టాల కింద ఇనుప ముక్కలు వేసి బాడీని పైకి లేపాడు. అంతా అయ్యాక దేవేందర్ ఒక్క మాట అడిగాడు.

"ఏం గాదు గద తమ్మీ?"

"ఏమైతదన్నా?" అన్నాడు బాలరాజు.

ఆ ఎదురు ప్రశ్ననే దేవేందర్ జవాబుగా తీసుకుని ఇంటికొచ్చేశాడు.

దసరా నాడు పూజ ఘనంగా జరిగింది. దుర్గాబాయి గుమ్మడికాయ కొట్టింది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అంత పెద్ద టైర్ల కింద అవి ఎటుపోయాయో కూడా తెలియలేదు. దేవేందర్ మీసం దువ్వుకుని జీపును ఒక్క గజం ముందుకు పోనిచ్చాడు. ఆ గజం దూరంలో జీపుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

మర్నాడు వినోదను ఎక్కించుకుని మార్కెట్ చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. మలుపు దగ్గర జీపు ఒక పక్కకు ఒరిగింది. వినోద బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకు జారి, ఇనుప పలకకు కొట్టుకుంది. చేతికున్న మట్టిగాజులు పగిలాయి. ఇంటికొచ్చి గాజు ముక్కలు కొంగులోంచి దులుపుకుంది. దేవేందర్ కంచం ముందు కూర్చున్నాక, అన్నం వడ్డించి, పప్పు వడ్డించి, అప్పుడు మొదలుపెట్టింది.

"గా టైర్లు తీసేదాక నేను జీపెక్క. పూజను ఎక్కనియ్య."

పూజ వాళ్ల కూతురు. రెండో తరగతి. జీపంటే తండ్రికి ఎంత పిచ్చో ఆమెకూ అంత పిచ్చి.

"ఆదివారం అందరం కీసరగుట్ట పోదమని చెప్తి. ఇప్పుడు గిట్లంటవేందే?" అన్నాడు దేవేందర్. "ఏమైతది?"

బాలరాజు దగ్గర టైర్లతో పాటు ఆ మాట కూడా తెచ్చుకున్నాడు.

"ఏమైతదో నాకు తెల్వది. నీకు తెల్వది. బాలరాజుకు అసలే తెల్వది," అంది వినోద. "తెలుసుకుందాం మరి. పోయిన యాడాది సమ్మక్క జాతరకు పూజ ఎత్తు బంగారం తూసి మొక్కు చెల్లిస్తిమా లేదా?"

జాతరలో బంగారం అంటే బెల్లం. మనిషిని తక్కెట్లో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క అంత బరువు బెల్లం పెట్టి అమ్మవార్లకు ఇస్తారు. పూజను తూచింది దుకాణంలోని తక్కెట్లోనే.

"అమ్మవారికి మనిషి బదులు బెల్లం చెల్లుతది గద. జీపుకెందుకు చెల్లదు? మాకు బదులు మా ఎత్తు బస్తాలు కూసోవెడ్త. షామీర్‌పేట మీదికెళ్లి తూంకుంట దాక పొయ్యి, మల్ల ఇంటికి తీస్కరా. అన్ని బస్తాలు కూసున్నకాడ కూసుంటే గప్పుడు కీసరగుట్టకు నేనే ముందు ఎక్కుత, నోరిప్ప. ఒక్క బస్త పడ్డా టైర్లు పీకాలె."

దేవేందర్ పొలమారేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ ఒప్పుకున్నాడు. పుట్టినప్పటి నుంచి బస్తాల మధ్య బతికినవాడు, బస్తాలకు భయపడతాడా? ఒప్పుకున్నాక మాత్రం ఒక మెలిక గుర్తొచ్చింది.

"బస్తకు చేతులుంటయానే? మనిషైతే పట్టుకుంటడు."

"గదీ నిజమే. అత్తమ్మకు, నాకు ఒక్కొక్క సుతిలి తాడు కట్టుకో. చేత్తోని పట్టుకున్నట్టు. పూజకు మాత్రం వద్దు. బండి కదిలిందంటే గది నిద్రపోతది. నిద్రల ఏం పట్టుకుంటది?"

దేవేందర్ దానికీ నవ్వుతూ తలూపాడు.

శనివారం దుకాణంలో తూకాలు జరిగాయి. వినోద తన ఎత్తు జొన్నలు తూచుకుంది. పూజ ఎత్తు బియ్యం తూచి చిన్న సంచికి పోసింది. పూజ బొగ్గు ముక్కతో ఆ సంచి మీద రెండు కళ్లు, ఒక ముక్కు, చెవి నుంచి చెవి దాకా ఒక నవ్వు గీసుకుంది. అత్తగారి దగ్గరికొచ్చేసరికి వినోద ముఖంలో ఏ భావమూ లేకుండా తవుడు బస్తా ముందుకు లాగింది.

దుర్గాబాయికి కోపం నషాళానికంటింది.

"నన్ను తౌడుతోని తూస్తవా? నేను మనిషినా, బర్రెనా?"

"సరే, జొన్నలు పోస్త అత్తమ్మా."

"నువ్వు జొన్నలు, నేను జొన్నలా? నేను అత్తను. బంగారం పెట్టు."

అలా దుర్గాబాయి బెల్లమైంది. అక్కడితో ఆగలేదు. ఉత్త గోనెసంచిలో తనను ఊరంతా తిప్పితే ఇజ్జత్ పోతుందని లోపలికి వెళ్లి తన పాత నారాయణపేట చీర తెచ్చింది. వినోద ఆ చీరను బస్తాకు ఎంత శ్రద్ధగా కట్టిందంటే, పైన మూతి కట్టిన కొసను కొప్పుగా చేసి, కొంగు తల మీదుగా కప్పింది. మర్నాడు పొద్దున జీపు తుడవడానికి వచ్చిన దేవేందర్, "కొంచెం జరుగమ్మా," అన్నాడు బస్తాతో. వెనక నుంచి దుర్గాబాయి, "యాడికి జరగాల్రా?" అనేసరికి హడలిపోయాడు.

ఇక సాక్షి కావాలి. దేవేందర్ చెప్పేది వినోద నమ్మదు. వినోద మనిషిని దేవేందర్ నమ్మడు. ఇద్దరూ ఒప్పుకున్న మనిషి మేడ మీద అద్దెకుండే ఫణిభూషణ్. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆయన అబద్ధం ఆడాలనుకుంటే నోరు తెరవకముందే చెవులు ఎర్రబడతాయి. ఆ సంగతి వీధంతా తెలుసు. ఆయన భార్య సుప్రజ భర్తను ఊరికే పంపలేదు. స్కూటర్ హెల్మెట్ తెచ్చి స్వయంగా నెత్తిన పెట్టి బిగించింది.

"జీపులో హెల్మెట్ ఏమిటి సుప్రజా, నవ్వుతారు," అన్నాడాయన.

"నవ్వనివ్వండి. బస్తా పగిలితే వాళ్లు ఎత్తి పోసుకుంటారు. మిమ్మల్ని నేనెక్కడ ఎత్తి పోసుకోను?"

ఆదివారం పొద్దున బస్తాలు జీపెక్కాయి. ఎడమ బెంచీ మీద వినోద, కుడి బెంచీ మీద దుర్గాబాయి, ఆమె పక్కన చివరగా, ఇనుప పలక దగ్గర, పూజ. ఆ పిల్ల ఎప్పుడెక్కినా అక్కడే కూర్చుంటుంది, నిద్ర పట్టేదాకా వెనక్కి పరిగెత్తే రోడ్డును చూడడానికి. పెద్ద బస్తాలకు తాళ్లు కట్టారు. నలభైకి మించి పోనని దేవేందర్ తల్లి మీద ఒట్టేశాడు. ఏ తల్లి మీద అని వినోద అడిగితే రెండింటి మీదా వేశాడు. వీధిలో వాళ్లు బస్తాలకు చేతులూపారు. పూజ తనకు తానే టాటా చెప్పుకుంది.

మేడ్చల్ దాటగానే దేవేందర్‌కు హుషారొచ్చింది. ఇంత ఎత్తు నుంచి చూస్తే లోకం మొత్తం కాస్త కిందికి దిగినట్టుంది. ముందు పోతున్న ఎర్రబస్సును దాటేశాడు. మీటరు ముల్లు చూశాడు, నలభై. ఒక కారును దాటేశాడు. ముల్లు నలభై.

"ఇయ్యాల అందరు నిద్రపోతున్నరు సార్," అన్నాడు.

ఫణిభూషణ్ రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకున్నాడు. "దేవేందర్ గారూ, ముల్లు నలభై మీదే ఉంది కానీ చెట్లు మాత్రం యాభై మీద పరిగెడుతున్నాయండి."

"గట్లెట్ల?"

"ఆ ముల్లుకు తెలిసింది చక్రం ఎన్నిసార్లు తిరిగిందనే కదండీ. మీరు చక్రం పెంచారు. ఇప్పుడు ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి పాపం ముల్లుకు ఎవరు చెబుతారు?"

దేవేందర్ ఒక క్షణం ఆలోచించాడు. తనకు పనికొచ్చే వైపే ఆలోచించాడు.

"నేను ముల్లు నలభై దాటదనే ఒట్టేసిన సార్. ముల్లు దాటలే. ఒట్టు తప్పలే."

షామీర్‌పేట దగ్గర మలుపులు వచ్చాయి. మొదటి మలుపులో స్టీరింగ్ తిప్పేసరికి ముందు టైరు కోసిన మడ్‌గార్డుకు రాసుకుని గర్‌ర్‌ర్ అని అరిచింది. ఖాళీ జీపును బాలరాజు షెడ్డు ముందు తిప్పినప్పుడు ఈ చప్పుడు లేదు. ఇప్పుడు బస్తాల బరువుకు బాడీ కిందికి దిగింది. జీపు ఒరిగింది, లేచింది, మళ్లీ ఒరిగింది. మలుపు మలుపుకూ టైరు అరుస్తుంటే పక్కనున్న ఫణిభూషణ్ ఏమంటున్నాడో కూడా వినబడలేదు. ఆయన ఏ దేవుణ్ణో పిలుస్తున్నాడని పెదాల కదలికను బట్టి తెలిసింది. దేవేందర్ అద్దంలోకి చూశాడు. తల్లి చీర కొంగు గాలికి రెపరెపలాడుతోంది. ఇంకేం, అందరూ క్షేమమే అనుకున్నాడు.

కరీంనగర్ రోడ్డెక్కి తూంకుంట చేరారు. ఊరి మొదట్లో మేకల మంద అడ్డం వచ్చింది. దేవేందర్ కాలు బ్రేకు మీద వేశాడు. పాత టైర్లున్నప్పుడైతే ఆ పాటికి జీపు ఆగేది. ఇప్పుడు అది కొంచెంసేపు ఆలోచించుకుంది. మేకలు దగ్గరికొచ్చేస్తున్నాయి. దేవేందర్ స్టీరింగ్ పక్కకు కోశాడు. జీపు బోల్తా పడుతుందేమో అన్నంతగా ఒరిగింది. సుతిలి తాడు టప్పున తెగింది. దుర్గాబాయి బెంచీ మీద నుంచి లేచి, తలుపు లేని పక్క నుంచి, కొంగు ఎగరేసుకుంటూ రోడ్డు మీద పడింది.

రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చున్న సత్యమ్మ గుండెలు బాదుకుంది.

"అయ్యో అయ్యో, ముసలామె పడ్డదిరో! సచ్చిపోయిందిరో!"

హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లలో మేడ్చల్ పాలవ్యాపారి యాదయ్య ఒకడు. జీపును గుర్తుపట్టాడు, దేవేందర్‌ను గుర్తుపట్టాడు, నారాయణపేట చీరను కూడా గుర్తుపట్టాడు. దగ్గరికొచ్చి చూసే ధైర్యం లేక, చూడకుండానే వెనుదిరిగి ఎస్టీడీ బూతులోకి దూరాడు.

ఈలోగా సత్యమ్మ కొంగు తొలగించింది. గోనె పగిలి అందులోంచి బెల్లం ముద్ద దొర్లింది. సత్యమ్మ ఏడుపు ఆపి వంగి చూసింది. చీర కట్టిన బెల్లం. ఆమె ఎన్ని జాతరలు చూసిన మనిషి! ఇది ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? రెండు చేతులూ జోడించింది.

"ఎత్తు బంగారం! తల్లీ, ఎవరి మొక్కో ఏమో! గిట్లనా కొడుకా తీస్కపోయేది? తల్లి కోపమొచ్చి జీపు దిగింది!"

"అది కాదండీ, అది వీళ్లమ్మగారు," అని ఫణిభూషణ్ హెల్మెట్ లోంచి చెప్పబోయాడు. దానివల్ల సంగతి ఇంకా చిక్కుపడింది. అప్పటికే సత్యమ్మ ఒక ముక్క కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. తర్వాత చాయ్ తాగుతున్నవాళ్లు. తర్వాత మేకలవాడు. ప్రసాదం వద్దనడానికి దేవేందర్‌కు నోరు రాలేదు. చూస్తుండగా దుర్గాబాయి చిక్కిపోయింది.

దేవేందర్ ఫణిభూషణ్ ముఖం చూశాడు. ఫణిభూషణ్ దేవేందర్ ముఖం చూశాడు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వు ముంచుకొచ్చింది. జీపును పట్టుకుని, వంగిపోయి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నవ్వు తగ్గగానే దేవేందర్‌లోని వ్యాపారి మేల్కొన్నాడు.

"సార్, గిక్కడ జరిగింది గిక్కడనే ఉండాలె. మూతి మల్ల కడ్త. చీర మల్ల చుడ్త. కొంచెం బక్కగైంది గని, ఎవరు తూస్తరు? అన్ని బస్తలు క్షేమమని మీరొక్క మాట చెప్పుండ్రి."

ఫణిభూషణ్ హెల్మెట్ తీశాడు. అప్పటికే రెండు చెవులూ ఎర్రగా ఉన్నాయి.

"నా వల్ల కాదండీ."

"ఒద్దు. నోరిప్పకుంటే చాలు. చెవులకు హెల్మెట్ ఉంచుకోండ్రి."

దేవేందర్ బెల్లం బస్తాను భుజాన ఎత్తుకుని జీపు వెనక్కి వచ్చాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. బస్తాను కుడి బెంచీ మీద దించి, పక్కకు జరిపాడు. అది సులువుగా జరిగింది. చివరిదాకా జరిగింది. అడ్డం ఏమీ తగల్లేదు.

చిన్న సంచి అక్కడ లేదు.

బెంచీ కింద చూశాడు. ఎడమ పక్క, జొన్నల బస్తా వెనక చూశాడు. దిగి జీపు కింద చూశాడు. సత్యమ్మ దగ్గరికి నడిచాడు.

"అవ్వా, గిక్కడ ఇంకో మూట పడ్డదా? చిన్నది. కళ్లు, ముక్కు గీసి ఉంటది."

"లేదు కొడుకా. ముసలామె ఒక్కతే పడ్డది. చిన్నది మీరొచ్చినప్పుడే లేదు."

ఫణిభూషణ్‌కు అర్థమైంది. ఇక నవ్వలేదు. వచ్చి జీపులో కూర్చున్నాడు.

వచ్చిన దారినే వెనక్కి బయల్దేరారు. ఇప్పుడు ముల్లు ఇరవై కూడా దాటలేదు. ఎర్రబస్సు వాళ్లను దాటిపోయింది, సైకిళ్లు దాటిపోయాయి. దేవేందర్‌కు పట్టలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆపాడు. తుప్పల్లో చూశాడు. కల్వర్టు కింద చూశాడు. షామీర్‌పేట బస్టాపులో నిలబడ్డవాళ్లను అడిగాడు. "చిన్న మూట అన్నా, బియ్యం మూట." ఎవరూ చూడలేదన్నారు. ఎవరో చూసే ఉంటారు, తీసుకునే ఉంటారు, రోడ్డు మీద దొరికిన బియ్యాన్ని ఎవరు వదులుతారు? ఆ బియ్యం గురించి అతనికి బెంగ లేదు. ఒకచోట రోడ్డు మధ్యలో తెల్లగా ఏదో కనిపిస్తే జీపు ఆపి పరిగెత్తాడు. దగ్గరికి పోతే ప్లాస్టిక్ సంచి. అతను చూస్తుండగానే లారీ దాని మీద నుంచి వెళ్లింది. దేవేందర్ కళ్లు మూసుకున్నాడు.

అతన్ని భయం పట్టుకుంది. బస్తా పడ్డందుకు కాదు. బస్తాలు పడతాయి, దుకాణంలో రోజూ పడతాయి. పడ్డప్పుడు తను ముందు సీట్లో హాయిగా కూర్చుని, బస్సును దాటినందుకు మురిసిపోతున్నాడు. అద్దంలో చూశాడు కూడా. చూసి, అంతా క్షేమమే అనుకున్నాడు.

అక్కడ మేడ్చల్లో సంగతి వేరే. యాదయ్య ఫోను పక్క దుకాణానికి వచ్చింది. ఫోనెత్తినవాడు వీధిలో కేకేశాడు. కేక విన్న పొరుగింటి విజయమ్మ ఉన్నపళాన ఏడుస్తూ దుర్గాబాయి ఇంటికి పరిగెత్తింది. ఈ ఇద్దరికీ నల్లా దగ్గర బిందె విషయంలో మాటా మాటా పెరిగి, మాటలు లేక చాలా కాలమైంది. విజయమ్మ వాకిట్లోనే కూలబడి శోకాలు పెట్టింది.

"బంగారమసొంటి మనిషివి గదనే దుర్గమ్మా! నీ అసొంటిది మల్ల పుడ్తదా! నల్లా కాడ తప్పు నాదేనే, నాదేనే!"

లోపలి నుంచి దుర్గాబాయి చేతిలో తమలపాకుతో వచ్చి గడపలో నిలబడింది. విజయమ్మ కెవ్వుమంది. వెనకే వచ్చిన నలుగురూ రెండడుగులు వెనక్కి వేశారు. దుర్గాబాయి తాపీగా మంచం వాకిట్లోకి లాక్కుని, మధ్యలో కూర్చుంది.

"తప్పు ఎవరిదన్నవ్? అందరికి ఇనబడలే. ఇంకోపారి గట్టిగ చెప్పు," అంది.

ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ల చేతా, తాను పోయిందని తెలియగానే తన గురించి ఏమనుకున్నారో చెప్పించుకుంది. బాగా చెప్పినవాళ్లకు చాయ్ పోయించింది. వినోద చాయ్ పోస్తూ లోలోపల నవ్వుకుంటోంది. బస్తా పడిందని ఆమెకు అర్థమైంది. పందెం గెలిచింది. మొగుడు రాగానే ఏమేమి అనాలో వరసగా సిద్ధం చేసుకుంది. పగిలిన మట్టిగాజుల దగ్గర మొదలుపెట్టి బాలరాజు దాకా లాగాలని ఆమె ఆలోచన. సుప్రజ ఒక్కతే గేటు దగ్గర నిలబడి, మా ఆయన సంగతి ఎవరూ చెప్పరేం అని వచ్చేపోయేవాళ్లను అడుగుతోంది.

జీపు మెల్లగా వచ్చి ఆగింది. వాకిట్లో జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. "అగో, తల్లిని చంపి వచ్చిండు!" అని ఎవరో అన్నారు. దుర్గాబాయి లేచి వచ్చి బస్తాకున్న చీర చిరుగు చూసి, "ఓరి నీ జీపు మీద మన్నువడ! నన్ను సగం ఎవనికి తినబెట్టినవ్రా?" అని అరిచింది. జనం ఇంకా నవ్వారు. సుప్రజ భర్తను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది.

వినోద నడుం మీద చెయ్యి వేసుకుని ముందుకొచ్చింది. "చెప్పుండ్రి ఫణి సార్."

ఫణిభూషణ్ తల దించుకున్నాడు. ఆయన చెవులు ఎర్రగా లేవు. ముఖమే పాలిపోయి ఉంది. వినోద ఆ ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. సిద్ధం చేసుకున్న మొదటి మాట నోట్లోనే ఉండిపోయింది.

జనం కాళ్ల మధ్య నుంచి పూజ దూరి వచ్చింది. ఇనుప పలక పట్టుకుని వేలాడుతూ లోపలికి తొంగి చూసింది.

"నాయినా, నా మూట ఏది?"

"పడ్డది బిడ్డా."

"ఏడ పడ్డది?"

దేవేందర్ నోరు తెరిచాడు. షామీర్‌పేట కాడ అని చెప్పెయ్యవచ్చు. చిన్నపిల్ల, నమ్ముతుంది. కానీ అతనికి తెలియదు. అక్కడో, అంతకు ముందో, తర్వాతో, నిజంగానే తెలియదు.

"తెల్వది."

"పడంగ నువ్వు సూడలేదా?"

"సూడలే."

పూజ పలక దగ్గరి ఖాళీ చోటు చూసింది. ఆమెకు కోపం లేదు. ఆటలో ఏం జరిగి ఉంటుందో తెలుసుకోవాలనుకుంటోంది, అంతే.

"నేను నాయినా అని ఒర్లిన గావచ్చు," అంది. "నీకు ఇనబడలే."

వాకిట్లో నవ్వు ఆగిపోయింది. దేవేందర్ కూతుర్ని పలక మీద నుంచి రెండు చేతులతో ఎత్తుకున్నాడు. మెడ చుట్టూ చేతులు వేయించుకుని, ముఖం ఆ పిల్ల భుజంలో దాచుకుని, మార్కెట్ జనం అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో పూజకు అర్థం కాలేదు. "ఇంకోటి చేసుకుందాం తీ నాయినా, బియ్యం శానున్నయి గద," అని వీపు నిమిరింది. దానికి అతను ఇంకా ఏడ్చాడు.

దుర్గాబాయి చీర సంగతి మరిచిపోయి కొంగుతో కళ్లొత్తుకుంది. వినోద లోపలికి వెళ్లి జాకీ, పానా తెచ్చి జీపు పక్కన పెట్టింది. చాలాసేపటికి దేవేందర్ కూతుర్ని వినోద చేతికిచ్చి, చొక్కాతో ముఖం తుడుచుకుని, వెనక చక్రం దగ్గర కూర్చుని మొదటి నట్టు విప్పాడు.